మత్తడి ఎక్కడ? ఓరుగల్లు చెరువుల నుంచి క్లౌడ్ దాకా మేమార్ పని

పోయిన జుమ్మా నాడు మా ఆపా తన పిల్లలిద్దరినీ తీసుకుని ఇంటికొచ్చింది. కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి సాల్లో ఉన్నాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా భాంజా జేబులోంచి రంగురంగుల కాగితం ఒకటి తీశాడు. హన్మకొండ చౌరస్తాలో పంచుతున్నారట.

"మామూ, మూడు నెలల్లో క్లౌడ్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అయిపోవచ్చట. ఫీజు 60 వేలు. అమ్మీ కంగన్లు తాకట్టు పెడతానంటోంది. మీరేమంటారు?"

ఆ కంగన్లు నాకు తెలుసు. ఆపా నికాహ్‌కు మా అమ్మీ పైసా పైసా జమ చేసి చేయించినవి. అందుకే వెంటనే అవుననీ కాదనీ అనలేకపోయాను. "ఆర్కిటెక్ట్ అంటే ఏం చేస్తాడు బేటా?" అని అడిగాను. "క్లౌడ్‌లో పనిచేస్తాడు." "క్లౌడ్ అంటే?" "సర్వర్లు మామూ." అక్కడితో ఆగిపోయాడు. తప్పు వాడిది కాదు. ఆ కాగితంలోనూ అంతకు మించి ఏమీ లేదు, జీతాల అంకెలు తప్ప.

మన ఖాందాన్లలో ఎన్నో ఇళ్ళల్లో ఇప్పుడు ఇదే సవాల్ నడుస్తోంది. అందుకని ఆ రాత్రి వాడి కోసం రాసుకున్నది ఇక్కడ పెడుతున్నా. తవారీఖ్ నుంచే మొదలుపెడతాను. ఈ నౌకరీ పేరు కొత్తదే. పని మాత్రం మన ఓరుగల్లుకు బాగా పాతది.

ముందు లఫ్జ్‌ల సంగతి. ఆర్కిటెక్ట్‌ను ఉర్దూలో మేమార్ అంటాం. అతను గీసేది నక్షా. ఈ నక్షా అనే మాట తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే, పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు ఏ ఊరి రైతైనా 'నక్షా తీయండి' అంటాడు. 1865లో సాలార్‌జంగ్ జిలాబందీ చేసి రియాసత్‌ను జిల్లాలుగా విడగొట్టాక ఇలాంటి మాటలు కచేరీల గుండా పల్లెల దాకా చేరాయి. ఖాతా, నకలు, హద్దు, పహరా, దరఖాస్తు, జవాబు, మంజూరు, కిరాయి. క్లౌడ్ పని మొత్తం ఈ మాటల్లో చెప్పేయొచ్చంటే మా భాంజా నవ్వాడు. చెప్పి చూపించాను.

క్లౌడ్ అంటే పరాయివాళ్ళ ఇమారత్‌లో ఉన్న కంప్యూటర్లను మనం కిరాయికి వాడుకోవడం. వలీమా ఉందనుకోండి. ఐదు వందల మందికి వండే దేగ్‌లు, షామియానా, కుర్చీలు కొనుక్కుంటామా? ఒక్క రోజుకు కిరాయికి తెచ్చుకుని మర్నాడు తిరిగి పంపేస్తాం. ఒకప్పుడు కంపెనీలు దేగ్‌లు కొనుక్కునేవి. పండగ సీజన్లో ఒక్క వారం వచ్చే రద్దీ కోసం సర్వర్లు కొని, చల్లటి గదిలో పెట్టి, మిగతా సాలంతా ఖాళీగా కరెంటు కాల్చేవి. ఇప్పుడు గంటల లెక్కన కిరాయి కడుతున్నాయి. ముందు ఒక ఖాతా తెరవాలి. ఎవరికి ఏ గదిలోకి ఇజాజత్ ఉందో రాసుకోవాలి. గేటు దగ్గర పహరా పెట్టాలి. దరఖాస్తు లోపలికి వెళ్ళి జవాబు బయటికి రావాలి. ముఖ్యమైన దస్త్రానికి ఇంకోచోట నకలు ఉండాలి. నెలాఖరున జమాఖర్చు చూసుకోవాలి.

మరి మేమార్ ఏం చేస్తాడు? ఎన్ని దేగ్‌లు కావాలో, మెహమాన్లు రెట్టింపు వస్తే ఏం చేయాలో, సగంలో గ్యాస్ అయిపోతే రెండో పొయ్యి ఎక్కడుందో ముందే ఆలోచించి కాగితం మీద పెడతాడు. వంట చేసేది బావర్చీలే. కానీ బావర్చీ పని తెలియనివాడు ఈ లెక్క వేయలేడు.

అదే లెక్కను మన ఊరి చుట్టూ ఎనిమిది వందల ఏళ్ళ కింద నేల మీదే వేశారు. కాకతీయుల జమానాలో గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ నీళ్ళిస్తున్నాయి. చెరువు చూడడానికి వెళ్ళినవాళ్ళు కట్ట మీద నిలబడి నీళ్ళ వైపు ఫొటో దిగి వచ్చేస్తారు. నాకు మాత్రం మత్తడి దగ్గర ఆగడం అలవాటు. కట్ట కన్నా కాస్త తక్కువ ఎత్తులో, రాతితో, ఒక పక్కగా ఉంటుందది. వాన ఎక్కువై చెరువు నిండితే నీళ్ళు కట్టను తెంచకుండా ఆ దారిన దూకి కింది చెరువులోకి పోతాయి. అది నిండితే ఇంకో కిందిదానికి. గొలుసుకట్టు చెరువులని అందుకే అంటారు. తూము ఉన్నది రోజూ పొలానికి నీళ్ళు వదలడానికి. మత్తడి ఉన్నది ఎప్పుడో వచ్చే ఆ ఒక్క రాత్రి కోసం. కట్టినవాడు ఆ రాత్రిని మనసులో పెట్టుకున్నాడు. చెరువు మేమార్ ఎవరో తెలుసుకోవాలంటే మత్తడి ఎక్కడ పెట్టాడో చూడాలని నేననుకుంటాను.

ఆ రాత్రి గురించి పట్టించుకోకపోతే ఏమవుతుందో హైదరాబాద్ 1908 సెప్టెంబర్ 28న చూసింది. మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత నిజాం సర్కార్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహాతో పైన నీళ్ళను ఆపే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. ఈ కథలో మనవాళ్ళు మరచిపోయిన పేరొకటి ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న పుట్టారు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి వచ్చి రియాసత్ చీఫ్ ఇంజనీర్ అయ్యారు. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన నిగరానీలో లేచిందే. తెలంగాణలో జులై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుకునేది ఆయన పేరు మీదే. మన పిల్లలకు సిలికాన్ వ్యాలీ వాళ్ళ పేర్లన్నీ నోటికొచ్చు. ఈ పేరు ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. మా భాంజాకు తెలియదు. వాడి చెల్లెలికి తెలుసు, ఎక్కడో పరీక్షకు చదివిందట.

ఇక మిల్లు సంగతి. ఓరుగల్లులో నౌకరీ గురించి మాట్లాడుతూ ఆజం జాహీ మిల్లును దాటిపోలేం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద 1934లో మొదలైంది. వేల ఇళ్ళకు రోజీ ఇచ్చింది. పద్మశాలీ, ముస్లిం, దళిత కుటుంబాలు ఒకే గేటు గుండా లోపలికి వెళ్ళి బయటికొచ్చేవి. మిల్లు నౌకరీ ఉన్న కుర్రాడికి రిష్తా వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. 2002లో మిల్లు మూతపడింది.

అప్పుడు బయటపడ్డ హునర్ ఏమైంది? ముప్పై ఏళ్ళు మగ్గం శబ్దం విని జబ్బు చెప్పగలిగిన కారీగర్ ఆటో నడిపాడు. కొందరు భివండీ, సూరత్ పోయారు, కొందరు గల్ఫ్ పోయారు. వాళ్ళ చేతుల్లో పనితనం తగ్గలేదు. కానీ ఆ పనితనానికి ఊళ్ళో ఒక్కటే గేటు ఉండేది. ఖాందాన్ మొత్తం ఒక్క గేటు మీద ఆధారపడింది, మత్తడి లేదు. ఈ మాట నేను నింద వేయడానికి అనడం లేదు. ఆ జమానాలో ఇంకో గేటు ఎక్కడుంది? ఇప్పుడు ఒకే కంపెనీ ఇచ్చే ఒకే సర్టిఫికెట్ కోసం కంగన్లు తాకట్టు పెట్టే ముందు మాత్రం ఆ గేటు గుర్తుకు రావాలి.

మిల్లు నడుస్తున్న రోజుల్లోనే ఊరికి అవతల ఇంకో దర్వాజా తెరుచుకుంది. 1959 అక్టోబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాది రాయి వేశారు. దేశంలో అలాంటి కాలేజీల్లో ఇదే మొదటిది. 2002లో, అంటే మిల్లు మూతపడిన సాల్లోనే, అది ఎన్‌ఐటీ అయింది. ఒక ఊళ్ళో ఒకే సాల్లో ఒక గేటు మూసుకుంది, ఇంకోదానికి పెద్ద బోర్డు వచ్చింది. ఆ గేటు నుంచి ఈ గేటుకు నడిచి వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ.

ఎందుకు తక్కువ? ఒక కారణం పేదరికం. రెండోది జుబాన్. ఇది కాస్త నిదానంగా చెప్పాలి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టినప్పుడు అక్కడ చదువంతా ఉర్దూలోనే. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి, లెక్కలు, ఫిజిక్స్, వైద్యం, ఇంజనీరింగ్ కితాబులను ఉర్దూలోకి తెచ్చారు. ఒక్కో సైన్సు మాటకు ఉర్దూ మాట వెతికి పెట్టారు. 1929లో ఇంజనీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. 1948 తర్వాత చదువు ఇంగ్లీషులోకి మారిపోయింది. ఒక తరం చదువుకున్న కితాబులు అల్మారాల్లో ఉండిపోయాయి. తెలుగు మాత్రమే వచ్చిన రైతు బిడ్డకు అంతకుముందు ఉర్దూ దర్వాజా ఎంత బరువుగా ఉండేదో, ఉర్దూ మీడియం పిల్లలకు ఆ తర్వాత ఇంగ్లీషు దర్వాజా అంతే బరువైంది. రెండూ నిజమే, ఒకటి చెప్పి ఇంకోటి దాచడం ఇన్సాఫ్ కాదు.

చాలా కాలానికి గాని ఆ దర్వాజా మన పిల్లలకు కాస్త తెరుచుకోలేదు. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టంతో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకులవాళ్ళు అంతకు ముందు నుంచే బీసీ-బీలో ఉన్నారు. కోర్టుల్లో కేసులు నడిచాయి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడైంది. పండ్ల బండి నడిపేవాళ్ళ, మెకానిక్‌ల ఇళ్ళల్లో ఖాందాన్‌లోనే మొదటి ఇంజనీర్లు తయారయ్యారు. మా భాంజా అలాంటివాడే. ఇంట్లో దారి చెప్పే పెద్దవాళ్ళు లేకపోవడమే ఆ కాగితాలు పంచేవాళ్ళకు పెట్టుబడి.

ఇక క్లౌడ్ తవారీఖ్‌కు వస్తాను. కరెంటు, నల్లా నీళ్ళలాగా కంప్యూటర్ శక్తిని కూడా వాడుకున్నంతకు బిల్లు కట్టే రోజొస్తుందని జాన్ మెకార్తీ అనే ఆలిమ్ అమెరికాలో 1961లోనే అన్నాడు. అది బజారులోకి రావడానికి నలభై ఐదేళ్ళు పట్టింది. కితాబులు అమ్మే అమెజాన్ కంపెనీ 2006 మార్చి 14న ఎస్ త్రీ అనే గోదాము సేవను, ఆగస్టులో ఈసీ టూ అనే కిరాయి కంప్యూటర్లను బయటి వాళ్ళకు తెరిచింది. 2010లో మైక్రోసాఫ్ట్ అజూర్ వచ్చింది. మరుసటి సాల్ నుంచి ఆ విభాగాన్ని నడిపింది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ. 2014 ఫిబ్రవరిలో ఆయన మొత్తం కంపెనీకే పెద్ద అయ్యారు.

ఇక్కడ ఒక ఇత్తిఫాక్ చెప్పాలి. మూసీ వరద 1908. సరిగ్గా నూరేళ్ళకు, 2008 ఆగస్టులో, నెట్‌ఫ్లిక్స్ కంపెనీ డేటాబేస్ పాడైపోయింది. అప్పట్లో వాళ్ళు సినిమా డీవీడీలు పోస్టులో పంపేవాళ్ళు. మూడు రోజులు ఒక్క డీవీడీ పంపలేకపోయారు. అంతా ఒకేచోట ఉండడమే జబ్బని అర్థమై తమ సామానంతా క్లౌడ్‌లోకి మార్చడం మొదలుపెట్టారు. ఆ పని 2016 జనవరికి పూర్తయింది. ఏడేళ్ళు! ఎత్తి పక్కన పెట్టడమే అయితే ఏడేళ్ళెందుకు? ఒక్కో ముక్కా విడిపోయినా మిగతాది నడిచేలా నక్షా మళ్ళీ గీయాల్సి వచ్చింది. అంతేకాదు, నడుస్తున్న తమ సర్వర్లను తామే అప్పుడప్పుడు ఆపేసే ప్రోగ్రాం ఒకటి రాసుకున్నారు. దాని పేరు కేయాస్ మంకీ. పట్టపగలు కోతిని వంటింట్లోకి వదిలి ఏం పగులుతుందో చూడడమన్నమాట. మత్తడి పనిచేస్తుందో లేదో వాన రాకముందే చూసుకున్నారు.

ఇలాంటి నక్షాలు గీసేవాళ్ళ అవసరం పెరిగాకే ఆ పనికి హోదా, ఇమ్తిహాన్ వచ్చాయి. అమెజాన్ 2013లో పెట్టిన తన మొదటి సర్టిఫికెట్ పరీక్ష పేరే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్. అంటే ఈ 'ఆర్కిటెక్ట్' సర్టిఫికెట్ వయసు మా భాంజా కన్నా తక్కువ.

క్లౌడ్‌లో పెడితే ఇక ఫికర్ లేదనుకునేవాళ్ళకు రెండు సంఘటనలు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఇంజనీర్ ఒకరు మరమ్మతు చేస్తూ ఒక కమాండ్‌లో ఒక్క మాట తప్పు కొట్టారు. ఆపాల్సిన వాటి కన్నా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. కొన్ని గంటలు అమెరికాలో ఎన్నో వెబ్‌సైట్లు కుంటుతూ నడిచాయి. రెండోది 2021 మార్చి 10, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్. ఓవీహెచ్ కంపెనీ సర్వర్ ఇమారత్ ఒకటి మంటల్లో కాలిపోయింది. నకలు ఇంకో ఊళ్ళో పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ లేచి నిలబడగలిగారు. అసలు, నకలు రెండూ అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి జమ చేసుకున్న సామాను పోగొట్టుకున్నారు.

నేనిది చదివి వినిపిస్తుంటే మా భాంజీ అడిగింది, "కిరాయికి ఇచ్చినవాళ్ళే నకలు పెట్టరా మామూ?" పెట్టరు. ఇల్లు కిరాయికిచ్చినవాడు గోడలకు జిమ్మేదారీ తీసుకుంటాడు. లోపల నీ పెట్టెకు తాళం వేయడం, సనదుల నకళ్ళు తీయించుకోవడం నీ పని. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడమే ఈ ఉద్యోగంలో మొదటి సబక్. ఎంతోమంది పెద్ద జీతాలవాళ్ళు కూడా అక్కడే జారుతారు.

ఈ ఇమారత్‌లు మన దగ్గరికి ఎప్పుడొచ్చాయి? 2015లో అజూర్ పుణె, ముంబయి, చెన్నైలకు వచ్చింది. 2016 జూన్‌లో అమెజాన్ ముంబయికి. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కు వస్తానని ప్రకటించింది. 2022 నవంబర్ 22న అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరుచుకుంది. ఒక రీజియన్ అంటే ఒక ఇమారత్ కాదు. హైదరాబాద్ రీజియన్‌లో మూడు జోన్లున్నాయి. ఒకదానికొకటి దూరంగా, కరెంటు కూడా వేరువేరుగా ఉంటాయి, ఒకటి మునిగినా రెండు నిలవాలని. గొలుసుకట్టు చూసినవాడికి ఇది కొత్తగా అనిపించదు. గల్ఫ్‌లోనూ అంతే. బహ్రెయిన్‌లో 2019లో, ఎమిరేట్స్‌లో 2022లో అమెజాన్ రీజియన్లు వచ్చాయి. మన చాచాలు తాపీ పట్టుకుని, డ్రైవర్లుగా వెళ్ళిన దేశాలకు ఇప్పుడు పిల్లలు ఈ హునర్‌తోనూ వెళ్ళొచ్చు.

ఒక గలత్ ఫహ్మీ తీసేస్తాను. రంగారెడ్డి జిల్లాలో అంత పెద్ద సర్వర్ ఇమారత్‌లు లేచాయి కాబట్టి లోపల వేల నౌకరీలుంటాయని కొందరనుకుంటారు. ఉండవు. అవి మిల్లులు కావు. లోపల యంత్రాలెక్కువ, మనుషులు తక్కువ. నౌకరీలు ఉండేది వాటిని వాడుకునే బ్యాంకులు, ఆస్పత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల దగ్గర. అందుకే ఆ పనిని హైదరాబాద్‌లోనే చేయాలని లేదు. 2020 జనవరి 7న మన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి. ఊరు వదలకుండా, అమ్మీ చేతి ఖానా తింటూ చేసే ఇంజనీర్లు ఉన్నారు. తక్కువమందే, కానీ ఉన్నారు.

సరే, మా భాంజా మేమార్ ఎలా అవుతాడు? మూడు నెలల్లో కాడు. కాలేజీ నుంచి నేరుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టే కంపెనీని నేను చూడలేదు. తాపీ పట్టని మేమార్ చేతికి ఇల్లు ఎవరిస్తారు? మొదటి మెట్టు సపోర్ట్ నౌకరీ. రాత్రి డ్యూటీలు, ఫోన్లో కోపంగా ఉన్న గాహక్‌లు. లేదా సిస్టం అడ్మిన్, నెట్‌వర్క్ పని, కోడ్ రాసే పని. ఆ నాలుగైదేళ్ళలో ఏది ఎలా తెగుతుందో కళ్ళతో చూస్తాడు. చూసినవాడే తర్వాత మత్తడి ఎక్కడ పెట్టాలో చెప్పగలడు. నాకు తెలిసిన పిల్లల్లో ఈ హోదాకు చేరినవాళ్ళకు ఆరు నుంచి పదేళ్ళు పట్టింది.

ముందుగా నేర్చుకోవాల్సింది క్లౌడ్ కంపెనీల సేవల పేర్లు కానే కాదు, అవి సాల్ సాల్ మారతాయి. లినక్స్, నెట్‌వర్కింగ్, డేటాబేస్, పైథాన్ లాంటి ఒక ప్రోగ్రాం భాష. ఇవి ఏ కంపెనీ గేటు దగ్గరైనా చెల్లే సిక్కాలు. నెట్‌వర్కింగ్ కష్టమంటాడు వాడు. నేను కాజీపేట జంక్షన్ చూపిస్తాను. పేరులోనే ఖాజీ ఉన్న ఊరది. అక్కడ హైదరాబాద్ లైను, విజయవాడ లైను, బల్హార్షా మీదుగా ఢిల్లీ పోయే లైను కలుస్తాయి. ఏ బండి ఏ పట్టా మీదికి పోవాలో ఒకరు ముందే పట్టిక రాసి ఉంచారు. దాన్నే వీళ్ళు రూటింగ్ టేబుల్ అంటారు. స్టేషన్ పేరు చెబితే కోడ్ చెప్పే పుస్తకం డీఎన్ఎస్. ఒక సాయంత్రం ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చదివితే సగం అర్థమవుతుంది.

పరీక్ష గురించి సాఫ్ సాఫ్ చెబుతాను. అమెజాన్ అసోసియేట్ ఆర్కిటెక్ట్ పరీక్షలో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. వెయ్యికి 720 వస్తే పాస్. ఫీజు 150 డాలర్లు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ రాయాలి. అజూర్ దారిలో ఏజెడ్-305 పాసైతే సరిపోదు, ఆర్కిటెక్ట్ ఎక్స్‌పర్ట్ పట్టాకు ఏజెడ్-104 అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. చదువుకోవడానికి మైక్రోసాఫ్ట్ లెర్న్, అమెజాన్ స్కిల్ బిల్డర్‌లలో ముఫ్త్ పాఠాలే దండిగా ఉన్నాయి. 60 వేలు ఎవరి చేతిలోనూ పోయనక్కర లేదు. నేర్చుకునేటప్పుడు మాత్రం ఖాతా తెరవగానే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోవాలి. కిరాయి దేగ్‌ను తిరిగివ్వడం మరిచిపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

జుబాన్ సవాల్ ఇక్కడ మళ్ళీ వస్తుంది. ఆ పరీక్షలు జపానీ, కొరియన్, చైనా భాషల్లో రాయొచ్చు. తెలుగులో గానీ ఉర్దూలో గానీ లేవు. కానీ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు అమెజాన్ పరీక్షకు 30 నిమిషాల అదనపు వక్త్ అడగొచ్చు. పరీక్ష తేదీ తీసుకోవడానికి ముందే ఆ దరఖాస్తు పెట్టాలి. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ ఒక్క వాక్యం చేరితే నాకు చాలు.

ఇంగ్లీషు అక్కడితో అయిపోదు. ఈ పనిలో సగం మాట్లాడడమే. బ్యాంకు మేనేజర్ తన గోడు తన మాటల్లో చెప్పుకుంటాడు. అందులోంచి అసలు మసలా పట్టుకోవాలి. ఎంత రద్దీ వస్తుంది, ఎంతసేపు ఆగిపోతే మీకు నష్టం, ఎన్ని పైసలు పెట్టగలరు అని అడగాలి. జవాబులకు తగ్గ నక్షా గీసి, ఎందుకలా గీశావో రెండు పేజీల్లో రాయాలి. మేనేజర్‌కు ఒక తీరున, ఇంజనీర్‌కు ఇంకో తీరున సమ్‌ఝాయించాలి. ఇంట్లో దక్ఖనీ, గల్లీలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, టీవీలో హిందీ మాట్లాడుకుంటూ పెరిగిన మన పిల్లలకు ఒకే సంగతిని నాలుగు తీర్ల చెప్పే అలవాటు చిన్నప్పటి నుంచే ఉంది. అది కూడా ఒక హునరే అని వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఇదంతా చదివి వినిపించాక భాంజా మొహం కాస్త చిన్నబోయింది. మూడు నెలలనుకున్నది ఆరేళ్ళయింది మరి. "ముందు ఒక చిన్న ఇమారత్ కట్టి చూపించు" అన్నాను. మా మొహల్లా కుతుబ్‌ఖానాలో కితాబులు ఎవరు తీసుకెళ్ళారో రాసే రిజిస్టరు చినిగిపోయి ఉంది. దాన్ని ముఫ్త్ ఖాతాలో ఒక పేజీగా చేయమన్నాను.

వారం తిరిగేసరికి చేసుకొచ్చాడు. పేరు కొడితే కితాబు వస్తోంది, తీసుకెళ్ళినవాళ్ళ పేరొస్తోంది. నిజంగా ఖుషీ అనిపించింది. "నకలు ఎక్కడ పెట్టావు?" అని అడిగాను. "అదే ఖాతాలో, అదే జోన్‌లో" అన్నాడు. పక్కనే కూర్చున్న చెల్లెలు పక్కున నవ్వి, వాడు గీసిన నక్షా లాక్కుని, పెన్సిల్‌తో అంచు మీద ఒక గీత గీసింది. గీత చివర ఇంకో చిన్న డబ్బా. దాని పక్కన తెలుగులో 'మత్తడి' అని రాసింది.

ఆపా చాయ్ పెట్టి తెచ్చింది. కప్పు అందిస్తుంటే కంగన్లు చప్పుడయ్యాయి.